పాత కంప్యూటర్లతో హైస్కూల్లో త్రీడీ మోడలింగ్: ల్యాబ్ సర్దడం నుంచి ప్రింట్ తీయడం దాకా

హైస్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లో ఏ రెండు సిస్టమ్‌లూ ఒకేలా ఉండవు. కొన్ని ప్రభుత్వం ఇచ్చినవి, కొన్ని పూర్వ విద్యార్థులు కొనిచ్చినవి, రెండు మూడు ఏదో ఆఫీసువాళ్లు పాతవి మార్చుకుంటూ ఇచ్చేసినవి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అడిగేది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్. ఈ లెక్కన ల్యాబ్‌లో సగం సిస్టమ్‌లు మూలన పడాలి. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే అవే సిస్టమ్‌ల మీద తొమ్మిదో తరగతి పిల్లలు ఫ్రీక్యాడ్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భాగం గీసి, కొలతలు తప్పకుండా ప్రింట్ తీయగలరు. 2016 నుంచి నీతి ఆయోగ్ ఇస్తున్న 20 లక్షల సాయంతో అటల్ టింకరింగ్ ల్యాబ్ పెట్టుకున్న బడుల్లో త్రీడీ ప్రింటర్ కూడా ఉంటుంది. ప్రింటర్ లేని బడిలోనూ ఇక్కడ చెప్పేదాంట్లో మూడొంతులు పనికొస్తుంది.

ముందు యంత్రాల లెక్క

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో పేజీ కేటాయించండి. ప్రాసెసర్ నంబరు, ర్యామ్ ఎంత, ఏ రకం, డిస్క్ ఎంత, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందా అన్నవి రాయండి. ప్రాసెసర్ నంబరే సగం కథ చెబుతుంది. ఐ3-2120 అంటే రెండో తరం, ఐ5-3470 అంటే మూడో తరం, ఐ3-4130 అంటే నాలుగో తరం.

త్రీడీ పనికి అడ్డుపడేది ప్రాసెసర్ వేగం కన్నా ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ చేత త్రీడీ బొమ్మ గీయించే పద్ధతి) వెర్షన్. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌కు 4.0 నుంచి ఓపెన్‌జీఎల్ 4.3 తప్పనిసరి. లినక్స్‌లో రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్ 3.3 వరకు, మూడో తరం 4.2 వరకు వస్తాయి. నాలుగో తరం 4.3 దాటుతుంది. అందుకే మూడో తరం సిస్టమ్‌లో కొత్త బ్లెండర్ వేస్తే తెరుచుకోకుండా ఎర్రర్ చూపిస్తుంది. సిస్టమ్ పాడైందనుకోవద్దు, బ్లెండర్ 3.6 వేస్తే ఓపెన్‌జీఎల్ 3.3తోనే నడుస్తుంది. కోర్ 2 డుయో సిస్టమ్‌ల గ్రాఫిక్స్ 2.1 దగ్గరే ఆగిపోతాయి. వాటిని బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌కు, తెలుగు టైపింగ్‌కు, ఆఫీసు పనికి ఉంచండి. మోడలింగ్ కోసం వాటితో పోరాడితే పీరియడ్లన్నీ అందులోనే పోతాయి.

చేతిలో కొంచెం డబ్బుంటే కొనాల్సిన వరుస ఇది: ముందు 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్ 8 జీబీ అయ్యేలా ఇంకో స్టిక్, ఆ తర్వాత మౌస్‌లు. రెండు, మూడు, నాలుగు తరాల డెస్క్‌టాప్‌లకు డీడీఆర్3 ర్యామ్ కావాలి. డీడీఆర్4 స్టిక్‌లో గాడి వేరేచోట ఉంటుంది, అసలు దిగదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

ప్రతి పాత సిస్టమ్‌కూ సీఆర్2032 బటన్ బ్యాటరీ మార్చేయండి. ఈ చిన్న బిళ్ల చచ్చిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా భద్రత లేదని హెచ్చరిక వస్తుంది, లినక్స్ అప్‌డేట్ కూడా తన ఫైళ్లు ఇంకా చెల్లవంటూ ఆగిపోతుంది. నెట్ బాగోలేదనుకుని రోజంతా వెతుకుతారు, తప్పు తేదీదే.

ఒక్క సిస్టమ్ తయారుచేసి మిగతావాటికి పోయడం

లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ఇలాంటి ల్యాబ్‌కు సరిగ్గా సరిపోతుంది. ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 దాకా అప్‌డేట్‌లు వస్తాయి, 4 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది: ఇది పాత ఎక్స్11 డిస్‌ప్లే పద్ధతి మీదే నడుస్తుంది. పిల్లల స్క్రీన్లన్నీ టీచర్ సిస్టమ్‌లో చూపించే వేయాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు లినక్స్‌లో కావాల్సింది అదే. కొత్త వేలాండ్ పద్ధతి మీద నడిచే డెస్క్‌టాప్ అయితే వేయాన్‌లో స్క్రీన్లు కనబడవు.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓ (మింట్ ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కించి బూట్ చేయండి. బూట్ మెనూకు డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 సాధారణంగా పనిచేస్తాయి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే బయోస్‌లో సాటా మోడ్ చూడండి. డెల్ సిస్టమ్‌ల్లో అది తరచూ రెయిడ్ అని ఉంటుంది, ఏహెచ్‌సీఐకి మార్చాలి. డ్యూయల్ బూట్ పెట్టొద్దు. పిల్లలు సగం రోజులు విండోస్‌లోకి వెళ్తారు, ఫైళ్లు రెండు చోట్లా చెదిరిపోతాయి, క్లోనింగ్ (ఒక డిస్క్‌ను అలాగే ఇంకోదానికి నకలు తీయడం) కష్టమవుతుంది. ఎవరికైనా విండోస్ తప్పనిసరైతే ఒక్క సిస్టమ్ విడిగా ఉంచండి.

మొదటి సిస్టమ్‌ను పూర్తిగా తయారుచేయండి. ఫ్రీక్యాడ్ 1.0 లేదా ఆపై వెర్షన్, బ్లెండర్ 3.6, ఇంక్‌స్కేప్, ప్రింట్ కోసం మోడల్‌ను పొరలుగా కోసే ప్రూసాస్లైసర్ (ఇలాంటిదాన్నే స్లైసర్ అంటారు), వేయాన్ వేయండి. తెలుగు ఫాంట్లు, ఐబస్‌తో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఉండాలి. ఫ్రీక్యాడ్‌ను ఆప్‌ఇమేజ్ రూపంలో తెచ్చుకోవడం మేలు. ఒకే ఫైలు, అన్ని సిస్టమ్‌ల్లో ఒకే వెర్షన్. వెర్షన్లు కలగలిస్తే కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో సరిగా తెరుచుకోదు, పిల్లవాడు తన పని పాడైందని బెంబేలెత్తుతాడు. ఆప్‌ఇమేజ్ మీద నొక్కితే ఏమీ జరగడం లేదంటే కారణం రెండింటిలో ఒకటి. ఫైలు ప్రాపర్టీస్‌లో ప్రోగ్రామ్‌గా నడిచే అనుమతి ఇచ్చి ఉండరు, లేదా ఫ్యూజ్ 2 లైబ్రరీ ఉండదు.

అకౌంట్లు రెండే. టీచర్ అకౌంట్‌కు అడ్మిన్ హక్కులు, విద్యార్థి అకౌంట్‌కు ఏమీ లేవు. విద్యార్థి అకౌంట్‌లో తరగతికో ఫోల్డర్ పెట్టండి. ఫైలు పేరు తరగతి, రోల్ నంబరు, వస్తువు, ఎన్నో ప్రతి అన్న వరుసలో, ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉండాలి. తెలుగులో పేరు పెడితే కంప్యూటర్‌కు ఇబ్బంది లేదు కానీ ప్రింటర్ చిన్న తెర మీద అది పెట్టెలుగా కనబడుతుంది, ఎవరి ఫైలు ఏదో తెలియదు.

ఇమేజ్ (డిస్క్ మొత్తం నకలు) తీయడానికి ముందు ఎట్‌సీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి. ఫైలును తీసేయొద్దు, లోపలున్నది మాత్రమే తుడవండి. లేకపోతే క్లోన్ చేసిన సిస్టమ్‌లన్నింటికీ ఒకే గుర్తింపు వస్తుంది, కొన్ని నెట్‌వర్క్‌ల్లో రెండు సిస్టమ్‌లకు ఒకే ఐపీ అడ్రస్ పడి రెండూ తడబడతాయి. తర్వాత క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్‌తో డిస్క్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఇమేజ్ తీసి, మిగతా సిస్టమ్‌లకు ఎక్కించండి. గమ్యం డిస్క్ మూలం కన్నా చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలు పద్ధతిలో ఒప్పుకోదు. కాబట్టి ల్యాబ్‌లో అన్నిటికన్నా చిన్న డిస్క్ ఉన్న సిస్టమ్‌నే మూలంగా తీసుకోండి. ఎక్కించాక ఒక్కోదానికీ పేరు మార్చి, ఆ నంబరే క్యాబినెట్ మీద స్టిక్కర్‌గా అంటించండి. వేయాన్‌లో కనబడే పేరు, కళ్లకు కనబడే నంబరు ఒకటైతే తరగతిలో చాలా సమయం మిగులుతుంది.

నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే వస్తుంటే టీచర్ సిస్టమ్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ వేయండి. 3142 పోర్ట్ మీద పనిచేస్తుంది. మిగతా సిస్టమ్‌లు అప్‌డేట్‌లు దాని ద్వారా తీసుకునేలా పెడితే ఒక్కో ప్యాకేజీ నెట్ నుంచి ఒక్కసారే దిగుతుంది. పదిహేను సిస్టమ్‌లకు పదిహేనుసార్లు డేటా కాలదు. అప్‌డేట్‌లు సెలవుల్లోనే పెట్టుకోండి, పరీక్షల ముందు వారం ముట్టుకోవద్దు. ఆ ఇమేజ్ ఉన్న హార్డ్‌డిస్క్‌ను బీరువాలో పెట్టండి. ఏ సిస్టమ్ మొరాయించినా అరగంటలో మళ్లీ మొదటి స్థితికి తేవచ్చు. కంప్యూటర్ తెలిసిన టీచర్ బదిలీ అయిపోయినా ల్యాబ్ నడవాలంటే క్లోన్‌జిల్లా అడుగులు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆ డిస్క్‌తోనే ఉంచాలి.

మౌస్, ఆల్ట్ కీ, కరెంటు

త్రీడీలో చక్రం నొక్కడం అస్తమానం ఉంటుంది. చక్రం నొక్కితే పనిచేయని మౌస్‌తో పిల్లవాడు మోడల్‌ను తిప్పలేడు. కొనేటప్పుడు చక్రాన్ని పదిసార్లు నొక్కి చూసి కొనండి. ఫ్రీక్యాడ్ సెట్టింగుల్లో నావిగేషన్ స్టైల్‌ను బ్లెండర్ అని పెడితే రెండు సాఫ్ట్‌వేర్లలోనూ తిప్పడం ఒకేలా అలవాటవుతుంది.

చక్రం చెడిపోయిన చోట బ్లెండర్‌లో మూడు బటన్ల మౌస్‌ను అనుకరించే సెట్టింగు ఉంది, ఆల్ట్ పట్టుకుని ఎడమ బటన్‌తో లాగాలి. అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్ పట్టుకుని లాగితే విండో మొత్తం కదులుతుంది. విండో మేనేజర్ ట్వీక్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఆ కీని సూపర్‌కు మార్చండి. ఇమేజ్ తీయడానికి ముందే మారిస్తే ఇంకెప్పుడూ చేయనక్కర్లేదు. న్యూమరిక్ కీప్యాడ్ లేని కీబోర్డులకు బ్లెండర్‌లో నమ్‌ప్యాడ్ అనుకరణ కూడా ఆన్ చేయండి.

కరెంటు పోవడం రోజూ జరిగేదే. ఫ్రీక్యాడ్ ఆటోసేవ్ వ్యవధి మొదట 15 నిమిషాలు ఉంటుంది, దాన్ని 3కు తగ్గించండి. బ్లెండర్ మామూలుగానే 2 నిమిషాలకోసారి దాచుకుంటుంది. ఆటోసేవ్ ఉన్నా కంట్రోల్-ఎస్ అలవాటు చేయాల్సిందే. ఒక్కో స్కెచ్ మూసిన ప్రతిసారీ సేవ్ అన్నది నియమంగా పెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీ పాతదైతే ల్యాబ్ మొత్తానికి పది నిమిషాలు కూడా ఆగదు. టీచర్ సిస్టమ్‌నూ నెట్‌వర్క్ స్విచ్‌నూ మాత్రం దానికి కలిపి, మిగతావి పోతే పోనివ్వండి.

తరగతిలో సగం మంది బల్ల దగ్గర

నలభై మంది పిల్లలు, పది సిస్టమ్‌లు, 45 నిమిషాల పీరియడ్. ఒక్కో సిస్టమ్ ముందు నలుగురిని కూర్చోబెడితే ఇద్దరు చూస్తారు, ఒకరు మౌస్ పడతారు, ఒకరు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఇరవై మందిని జంటలుగా సిస్టమ్‌ల దగ్గర పెట్టండి. మిగతా ఇరవై మంది బల్ల దగ్గర వెర్నియర్ కాలిపర్, స్కేలు, గ్రాఫ్ కాగితంతో పని చేయాలి. వచ్చే పీరియడ్‌లో స్థానాలు మార్చండి. జంటలో ఒకరు మౌస్ పడితే ఇంకొకరు కాగితం మీది కొలత చదవాలి, పది నిమిషాలకోసారి మారాలి.

బల్ల దగ్గరి పని కాలక్షేపం కాదు, మోడలింగ్‌కు అదే పునాది. మొదటి రెండు పీరియడ్లు ఎవరూ కంప్యూటర్ ముట్టుకోకపోయినా ఫరవాలేదు. రబ్బరు, అగ్గిపెట్టె, జామెట్రీ బాక్స్, బెంచీ కాలికి తొడిగే బూటు ఇలా చేతికి దొరికినవి కొలిచి, గ్రాఫ్ కాగితం మీద ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి కనబడే మూడు రూపాలు గీయాలి. కొలత ఎప్పుడూ మిల్లీమీటర్లలోనే రాయాలి. మనవాళ్లు సెంటీమీటర్లలో మాట్లాడతారు, ఫ్రీక్యాడ్ మామూలుగా మిల్లీమీటర్లు అనుకుంటుంది. 4.5 అని కొట్టి గోరంత వస్తువు చూసి ఆశ్చర్యపోవడం ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతుంది. గుండ్రటి వస్తువును ఒక్కచోట కొలిచి వదలకుండా మూడు చోట్ల కొలిపించండి. మూడూ వేరుగా వస్తాయి. ఏది రాయాలన్న చర్చ పిల్లల మధ్యే జరగనివ్వండి.

మొదటి భాగం: కన్నాల పలక, పిన్ను

ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా కీచైన్‌తో మొదలవుతాయి. కీచైన్‌కు కొలత తప్పినా ఏమీ కాదు కాబట్టి దానితో కొలత నేర్చుకోలేరు. ఒకదానిలో ఒకటి దూరాల్సిన వస్తువుతో మొదలుపెట్టండి.

ఫ్రీక్యాడ్‌లో పార్ట్ డిజైన్ వర్క్‌బెంచ్ తెరిచి, బాడీ సృష్టించి, ఎక్స్‌వై తలం మీద స్కెచ్ మొదలుపెట్టాలి. మధ్యబిందువు నుంచి గీసే దీర్ఘచతురస్రం ఎంచుకుని దాని కేంద్రం మూలబిందువు మీద పడేలా గీసి, పొడవు 70, వెడల్పు 20 ఇవ్వాలి. గీతలన్నీ ఆకుపచ్చగా మారితే స్కెచ్ పూర్తిగా బిగిసినట్టు. స్కెచ్ మూసి, ప్యాడ్‌తో 5 మి.మీ. మందం ఇవ్వాలి.

ఇప్పుడు మళ్లీ ఎక్స్‌వై తలం మీదే రెండో స్కెచ్. పలక పై ముఖం మీద గీయాలని పిల్లలకు అనిపిస్తుంది, అదే సులువు కూడా. ముఖం మీద కట్టిన స్కెచ్ మాత్రం తర్వాత పలక మార్చినప్పుడు చోటు తప్పొచ్చు. ఫ్రీక్యాడ్ 1.0లో ఈ బాధ బాగా తగ్గింది కానీ మూల తలాల మీద గీసే అలవాటే గట్టిది. ఎక్స్ అక్షం మీద ఐదు వృత్తాలు, కేంద్రాల మధ్య 13 మి.మీ., నడిమిది మూలబిందువు మీద. వ్యాసాలు వరుసగా 8.0, 8.1, 8.2, 8.3, 8.4. పాకెట్‌తో ఆరపార తొలిచేయాలి. పాకెట్ ఏమీ తొలవలేదంటే దిశ తిరగబడింది, రివర్స్డ్ పెట్టె టిక్ చేయాలి.

ఇంకో ఫైల్లో పిన్ను. 12 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందంతో తల, దాని మీద 8 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. పొడవుతో కాడ. తల కింద పెట్టి నిలువుగా ప్రింట్ తీయాలి.

ఈ పాఠంలో వచ్చే తప్పులు దాదాపు ఇవే. ప్యాడ్ కొట్టగానే గీత మూసుకోలేదని ఎర్రర్ వస్తే, రెండు గీతల చివరలు కలిసినట్టు కనబడుతున్నాయి గానీ నిజంగా కలవలేదు. ఆ రెండు బిందువులను ఎంచుకుని కోయిన్సిడెంట్ నిబంధన ఇవ్వాలి. గీతలు ఎర్రబడి నిబంధనలు ఎక్కువయ్యాయని చెబితే, ఒకే సంగతిని రెండుసార్లు చెప్పారు. ఎదురెదురు భుజాలు రెండింటికీ 70 ఇవ్వడం మామూలుగా జరిగేది. దీర్ఘచతురస్రంలో ఒకటి చెబితే రెండోది తనంతట తానే వస్తుందని పిల్లలు గణితంలో చదువుకున్నారు, ఆ మాట గుర్తుచేయండి. సమాంతరం, లంబం, స్పర్శరేఖ, సౌష్ఠవం అన్నవి స్కెచర్‌లో బటన్లుగా ఉన్నాయి. ఆ తెలుగు పదాలతోనే బోధించండి, తెరమీది ఇంగ్లిష్ పేరు పక్కన ఉంటే చాలు. కొందరు అన్ని బిందువులకూ తాళం వేసి ఆకుపచ్చ తెప్పిస్తారు. పొడవు 70ని 80కి మార్చమనండి, వాళ్ల స్కెచ్ కదలదు. ఎందుకు కదల్లేదో వాళ్లే చెబుతారు.

ప్రింట్ తీశాక పిన్ను 8.0 కన్నంలో దూరదు. కారిన ప్లాస్టిక్ గీత లోపలి వైపు కాస్త ఉబ్బుతుంది, చల్లారితే కొద్దిగా ముడుచుకుంటుంది. ప్రింట్‌కు పంపే ఎస్‌టీఎల్ ఫైలు ఆకారాన్ని త్రిభుజాలుగా దాస్తుంది, అందులో వృత్తం నిజానికి సరళరేఖల బహుభుజి. ఇవన్నీ కలిసి కన్నం అనుకున్నదానికన్నా 0.1 నుంచి 0.3 మి.మీ. చిన్నదవుతుంది. ఏ కన్నంలో పిన్ను బిగువుగా కూర్చుందో, ఏ కన్నంలో తేలిగ్గా జారిందో ప్రింటర్ పక్కన గోడ మీద రాయండి. ఆ ప్రింటర్‌కు ఆ సంఖ్యే ప్రమాణం. నాజిల్ (ప్లాస్టిక్ కారే మొన) మార్చిన ప్రతిసారీ పలక మళ్లీ తీయాలి, పదార్థం ఏడు గ్రాములు దాటదు.

పదో తరగతికి క్షేత్రమితి

స్తూపం మీద అర్ధగోళం పెట్టిన ఆకారం పదో తరగతి క్షేత్రమితిలో తరచూ వచ్చే లెక్క. వ్యాసార్ధం 10, స్తూపం ఎత్తు 20 మి.మీ. తీసుకోండి. 22/7తో చేస్తే ఘనపరిమాణం 8,381 ఘన మి.మీ., 3.1416తో చేస్తే 8,378. స్కెచ్‌లో సగం అడ్డకోత గీసి రివల్యూషన్‌తో తిప్పి, ఎస్‌టీఎల్ తీసి ప్రూసాస్లైసర్‌లో తెరిస్తే కుడివైపు సమాచారంలో ఘనపరిమాణం కనబడుతుంది. అది 8,378 కన్నా కొంచెం తక్కువ వస్తుంది. వంపు తలం లోపల చదును త్రిభుజాలు ఇమిడి ఉండటమే కారణం. ఎస్‌టీఎల్ ఎగుమతిలో సున్నితత్వం పెంచి మళ్లీ తీస్తే సంఖ్య 8,378కి దగ్గరవుతుంది. 22/7 అన్నది π (పై) అసలు విలువ కాదు, దగ్గరి విలువ అన్న మాట నల్లబల్ల మీదకన్నా ఇక్కడ బాగా అర్థమవుతుంది. ఈ పాఠానికి ప్రింటర్ కూడా అక్కర్లేదు.

తెలుగు అక్షరాలు విరగకుండా

బడితోటలో మొక్కల పేర్ల పలకలు పిల్లలు ఇష్టంగా చేసే పని. ఇక్కడ ఒక చిక్కుంది. ఫ్రీక్యాడ్‌లో షేప్‌స్ట్రింగ్‌తో గాని, బ్లెండర్ టెక్స్ట్‌తో గాని తెలుగు రాస్తే ఒత్తులు కిందికి పోవు, గుణింతం విడివిడిగా పడుతుంది. కరివేపాకు సగం బాగుంటుంది, ఉమ్మెత్త పూర్తిగా విరుగుతుంది. ఫాంట్ మార్చినా లాభం లేదు. అక్షరాలను కలిపి పేర్చే పని ఆ రెండింటిలోనూ జరగదు. ఇంక్‌స్కేప్‌లో జరుగుతుంది, కాబట్టి పేరు అక్కడ రాయాలి.

ఇంక్‌స్కేప్‌లో పేజీ కొలత మిల్లీమీటర్లకు మార్చి, పేరు టైప్ చేయండి. గీత లావుగా ఉండే ఫాంట్ కావాలి, రామభద్ర లాంటిది లేదా నోటో సాన్స్ తెలుగులో బాగా లావుపాటిది. 0.4 మి.మీ. నాజిల్‌తో 0.8 కన్నా సన్నని గీత నిలవదు. సన్న ఫాంట్‌లో తలకట్టు, ఒత్తు చివరలు ప్రింట్‌లో మాయమవుతాయి. తర్వాత పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్, అన్‌గ్రూప్, ఆపై యూనియన్. యూనియన్ వదిలేస్తే ఒత్తు అక్షరం మీద ఎక్కిన చోట రెండు గీతలు అడ్డంగా కోసుకుని స్లైసర్‌లో ఖాళీ పడుతుంది. ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేయండి.

పలకను ఫ్రీక్యాడ్‌లో 80 × 30 × 2 మి.మీ. కొలతతో, కింద నేలలో గుచ్చే మొనతో గీసి ఎస్‌టీఎల్ తీయండి. ప్రూసాస్లైసర్ 2.7 నుంచి ఎస్‌వీజీని నేరుగా వస్తువు మీద ఉబ్బెత్తుగా నిలబెట్టే సౌకర్యం ఉంది. పలక మీద కుడి క్లిక్ చేసి పార్ట్‌గా ఎస్‌వీజీ చేర్చి, ఎత్తు 1.2 ఇస్తే చాలు. 0.2 పొరలతో అది ఆరు పొరలు. 2 మి.మీ. ఎత్తు దాటిన చోట రంగు మార్పు గుర్తు పెడితే ప్రింటర్ అక్కడ ఆగుతుంది, వేరే రంగు ఫిలమెంట్ (ప్రింటర్‌కు పెట్టే ప్లాస్టిక్ తీగ) ఎక్కించి అక్షరాలు ఆ రంగులో తీయొచ్చు. తలకట్టు అక్షరానికి తగలకుండా ఉండే ఫాంట్లు ఉన్నాయి, పలక లేకుండా వట్టి అక్షరాలే తీస్తే ఆ ముక్కలు విడిగా రాలిపోతాయి.

బ్లెండర్ ఎక్కడ పనికొస్తుంది

కొలత ప్రధానం కాని ఆకారాలకు. కుండ మంచి మొదటి పాఠం: సగం అంచు గీత గీసి స్క్రూ మాడిఫయర్‌తో తిప్పితే కుండ, సాలిడిఫైతో గోడ మందం. కమ్మరి, కుమ్మరి వస్తువులను పిల్లలు ఇంటి దగ్గర కొలిచి తేవచ్చు.

ప్రింట్‌కు పంపేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. బ్లెండర్ మామూలు క్యూబ్ భుజం 2 మీటర్లు. ఎస్‌టీఎల్ ఫైల్లో ప్రమాణం రాసి ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది కాబట్టి స్లైసర్ దాన్ని 2 మి.మీ. అనుకుంటుంది. మీటర్లలో గీసినదాన్ని ఎగుమతి చేసేటప్పుడు స్కేల్ 1000 పెట్టాలి. రెండోది, ఆబ్జెక్ట్ మోడ్‌లో సైజు మార్చి కంట్రోల్-ఏతో స్కేల్ ఖాయం చేయకపోతే మాడిఫయర్ మందాలు తప్పుగా వస్తాయి. చిల్లులున్న మోడల్‌ను కనిపెట్టడానికి ఎడిట్ మోడ్‌లో నాన్ మానిఫోల్డ్ ఎంపిక వాడండి. వెలిగిన చోటల్లా గోడ మూసుకోలేదని అర్థం.

ప్రింటర్, ఎండ, తేమ

మొదటిసారి ప్లగ్ పెట్టే ముందు పవర్ సప్లై పక్కన 115, 230 స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే 230 మీద ఉండాలి. ఎర్తింగ్ లేని సాకెట్‌లో పెట్టొద్దు. నాజిల్ 200 డిగ్రీలు దాటుతుంది, పిల్లలు నిలబడే చోటికీ ప్రింటర్‌కూ మధ్య ఒక అడ్డం ఉండాలి.

పీఎల్‌ఏ అనే మామూలు ప్రింట్ ప్లాస్టిక్‌కు నాజిల్ 200 నుంచి 210, బెడ్ (ప్రింట్ నిలిచే పలక) 60 డిగ్రీలు, పొర 0.2, లోపలి నింపుడు 15 శాతం. మొదటి పొర అంటుకోకపోతే వేడి పెంచడం తర్వాత. ముందు బెడ్‌ను సబ్బునీళ్లతో కడిగి, మామూలు కాగితంతో నాలుగు మూలలా ఎత్తు సరిచేయండి. కాగితం కదులుతూనే కొంచెం పట్టినట్టు ఉండాలి. బెడ్ వేడెక్కాకే ఈ పని చేయాలి, చల్లగా ఉన్నప్పుడు సరిచేస్తే వేడికి వ్యాకోచించి లెక్క మారుతుంది.

కోస్తాలో ఫిలమెంట్ తేమ పీల్చడం పెద్ద బెడద. నాజిల్ దగ్గర చిటపట చప్పుడు, ప్రింట్ మీద వెంట్రుకల్లాంటి పోగులు కనబడితే అదే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, అవసరమైతే 45 నుంచి 50 డిగ్రీల దగ్గర ఐదారు గంటలు ఆరబెట్టండి. ఎండాకాలంలో గది 40 డిగ్రీలు దాటినప్పుడు మరో సమస్య వస్తుంది. చల్లగా ఉండాల్సిన పై భాగంలోనే ఫిలమెంట్ మెత్తబడి ఇరుక్కుంటుంది. అప్పుడు ప్రింటర్ మూతలు తీసేయండి, చిన్న ఫ్యాన్ దుమ్ము తుడవండి, ప్రింట్‌లు ఉదయం పూటకు మార్చండి.

1.75 మి.మీ. పీఎల్‌ఏ కిలో రీలు సుమారు 335 మీటర్లు వస్తుంది. మీటరుకు మూడు గ్రాములు లెక్క. స్లైసర్ చూపించే గ్రాములను ప్రతి పిల్లవాడూ ప్రింట్‌కు ముందు రిజిస్టర్‌లో రాయాలి. తలకు 15 గ్రాముల హద్దు పెడితే గోడలు పలచగా, నింపుడు తక్కువగా, ఊతాలు లేకుండా నిలబడేలా వస్తువును తిప్పి ఆలోచించడం వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

తోటలో పెట్టే పేర్ల పలకలకు మాత్రం పీఎల్‌ఏ వాడొద్దు. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఏప్రిల్ ఎండకు ముదురు రంగు పలక వంగిపోతుంది. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ తీసుకుని నాజిల్ 235, బెడ్ 75 డిగ్రీల దగ్గర, ఫ్యాన్ తగ్గించి తీయండి. నున్నటి గాజు బెడ్ అయితే ముందుగా గ్లూ స్టిక్ పూయండి. లేకపోతే పీఈటీజీ గట్టిగా అంటుకుని ఊడేటప్పుడు గాజు పెచ్చు లేపుతుంది.